నూనె మిగిలింది, వత్తి కాలిపోయింది

బల్లమీద 1960ల నాటి వాచీ ఒకటి ఉంది. సముద్రంలో మునిగేవాళ్ల కోసం చేసినది. నల్లటి డయలు, పన్నెండు దగ్గర ముక్కోణం, మూడు, ఆరు, తొమ్మిది దగ్గర పట్టీలు, మిగతా గంటలకు గుండ్రటి బొట్లు. మామూలు కంటికి ఆ బొట్లు అద్దినట్టు నున్నగా కనిపిస్తాయి. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి బిగించుకునే భూతద్దంతో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ప్రతి బొట్టూ ఒక చిన్న గుట్ట. పైన గరుకు, అక్కడక్కడ వెంట్రుకవాసి పగుళ్లు, ఒకదాని అంచున చెమ్మ గోడమీద బూజులాంటి నల్లటి మచ్చ. కొత్తలో ఆ రంగు తెల్లగా, లేత ఆకుపచ్చ ఛాయతో ఉండేది. ఇప్పుడు జున్ను రంగుకు తిరిగింది. గంటల ముల్లు మీదిదైతే ఇంకా ముదిరి బెల్లప్పాకంలా ఉంది.

గది తలుపులు మూసి దీపం ఆర్పితే వాచీ కూడా చీకట్లో కలిసిపోతుంది. టార్చి వేసి పది సెకన్లు ఉంచి ఆర్పితే మాత్రం గుర్తులన్నీ ఒక్కసారిగా పచ్చగా మేలుకుంటాయి. మేలుకున్నంత వేగంగానే మళ్లీ నిద్రలోకి జారుకుంటాయి. పది అంకెలు లెక్కపెట్టేలోపు అంతా చీకటి. ఒకప్పుడు ఇదే వాచీ టార్చీతో పనిలేకుండా రాత్రంతా వెలిగేది.

దీపం ఆరిపోయిందంటే నూనె అయిపోయి ఉండాలి, లేదా వత్తి కాలిపోయి ఉండాలి. గాలి వీచిందనే మూడో కారణం వాచీ అద్దం వెనక పనిచేయదు. పాత వాచీల్లో నూనె అయిపోయినవీ ఉన్నాయి, వత్తి కాలిపోయినవీ ఉన్నాయి, రెండూ పోయినవీ ఉన్నాయి. ఏది ముందు పోయిందన్నది ఆ డయలు మీద ఏ రంగు పూశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు వత్తి సంగతి. దాని పేరు జింక్ సల్ఫైడ్. తెల్లటి పొడి. అందులో అతి కొద్దిగా రాగి కలిపి బాగా కాలిస్తే దాని గుణం మారిపోతుంది. బయటినుంచి ఏదైనా శక్తి వచ్చి తగిలితే స్ఫటికంలోని ఎలక్ట్రాన్లు తమ చోటు వదిలి పైకి లేస్తాయి. తిరిగి రాగి ఉన్నచోట దిగేటప్పుడు ఆకుపచ్చ వెలుగు విడుస్తాయి. రాగికి బదులు వెండి కలిపితే నీలి వెలుగు వస్తుంది. పిల్లల పడకగదుల్లో పైకప్పుకు అంటించే నక్షత్రాలు, చీకట్లో మెరిసే దేవుడి బొమ్మలు చాలాకాలం ఈ పొడితోనే చేశారు. పగటి వెలుతురు తాగి కాసేపు మెరుస్తాయి, తర్వాత ఆరిపోతాయి. రాత్రంతా వెలగాలంటే ఎవరో ఒకరు వత్తిని ఎగదోస్తూనే ఉండాలి.

ఆ పనికి రేడియం దొరికింది. మేరీ, పియరీ క్యూరీలు 1898లో కనుక్కున్న మూలకం అది. 1903లో లండన్‌లో విలియం క్రూక్స్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో రేడియం లవణం కొంచెం జింక్ సల్ఫైడ్ పూసిన పలక మీద ఒలికిపోయింది. అప్పటికి రేడియం ధర బంగారాన్ని మించిపోయింది గనక, రేణువులను ఏరుకోవడానికి ఆయన భూతద్దం పట్టుకుని వంగాడు. నిలకడగా ఉందనుకున్న ఆ వెలుగు భూతద్దంలో నిలకడగా లేదు. విడివిడి చుక్కలు మెరిసి ఆరుతున్నాయి, మెరిసి ఆరుతున్నాయి. రేడియం పరమాణువు ఒకటి విచ్ఛిన్నమైనప్పుడల్లా ఒక ఆల్ఫా కణం దూసుకొచ్చి స్ఫటికాన్ని గుద్దుతుంది. ఆ గుద్దుకు ఒక మెరుపు. అలాంటి మెరుపులు లక్షల్లో కలిస్తే కంటికి నిలకడైన కాంతిలా కనిపిస్తుంది. ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పదిలక్షో వంతు రేడియం తీసుకుంటే సెకనుకు దాదాపు 37,000 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. రాత్రీ పగలూ, ఎండా వానా తేడా లేదు. కీ ఇవ్వాల్సిన పనిలేదు.

తెలుగునాట రేడియం అనే మాటకు ఇంకో జీవితం ఉంది. లారీల వెనక అంటించే ఎర్రటి పట్టీలు, బైకుల మీద కత్తిరించి పెట్టే పేర్లు, నంబరు ప్లేట్లు, వీటన్నిటినీ జనం రేడియం స్టిక్కర్లనే అంటారు. వాటిలో రేడియం అణుమాత్రం లేదు; ఎదుటి బండి దీపం వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే చిన్న చిన్న గాజుపూసలో, అద్దపు చెక్కడాలో ఉంటాయంతే. చీకట్లో మెరిసే ప్రతిదీ రేడియమే అనే నమ్మకం మాత్రం గడియారాల కాలం నుంచి వచ్చినదే. అప్పట్లో అది నిజం కూడా.

ఆ నిజానికి అమెరికాలో కొందరు ఆడపిల్లలు కట్టిన మూల్యం గురించి చెప్పకుండా ఈ కథ ముందుకు సాగదు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు చీకట్లో కనిపించే వాచీలు కావాల్సి వచ్చాయి. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో ఒక కర్మాగారం అన్‌డార్క్ అనే పేరుతో రేడియం రంగు తయారుచేసి, డయళ్ల మీద అంకెలు దిద్దించింది. అంకె సన్నగా రావాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. పెదాల మధ్య పెట్టి తిప్పితే మొన కుదురుతుందని పనిలోకి వచ్చిన పిల్లలకు నేర్పారు. నోట్లో పెట్టు, రంగులో ముంచు, అంకె దిద్దు. రోజంతా ఇదే. శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ముందు పళ్లు ఊడాయి, తర్వాత దవడ ఎముక కుళ్లింది. 1917లో పనిలో చేరిన గ్రేస్ ఫ్రయర్ మరో నలుగురితో కలిసి వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది: తలా పదివేల డాలర్లు, ఏటా 600 డాలర్ల భత్యం, వైద్యఖర్చులు. అదే ఏడాది నవంబరులో ఆ రంగును తయారుచేసిన డాక్టర్ సబిన్ ఫాన్ సొషాకీ కూడా రక్తం ఎండిపోయే జబ్బుతో చనిపోయాడు. విశేషమేమిటంటే ఇంత జరిగినా గడియారాల్లో రేడియం వాడకం మరో ముప్పై ఏళ్లకు పైగా ఆగలేదు. ప్రమాదం పూసేవాళ్లకే గానీ పెట్టుకునేవాళ్లకు కాదని అందరూ సర్దుకున్నారు.

సముద్రం అడుగున పనిచేసే మనిషికి ఆ వెలుగు అంత అవసరం మరి. నీటి లోతుకు పోయేకొద్దీ ముందు ఎరుపు మాయమవుతుంది, తర్వాత నారింజ, పసుపు. మిగిలేది నీలం, ఆకుపచ్చ. చీకటికి అలవాటుపడిన మనిషి కన్ను కూడా నీలానికీ ఆకుపచ్చకూ నడుమ ఉన్న రంగునే బాగా పట్టుకుంటుంది. జింక్ సల్ఫైడ్ వెలుగు దానికి దగ్గరలోనే ఉండటం మనిషి అదృష్టం. వీపున మోసుకెళ్లిన గాలి ఎన్ని నిమిషాలకు సరిపోతుందో ముందే లెక్కవేసుకుని దిగుతారు కాబట్టి నిమిషాల ముల్లు కనిపించకపోతే ప్రాణానికే ముప్పు. నేటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మునకవాచీ అనిపించుకోవాలంటే కటిక చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము తెలియాలి.

1941 డిసెంబరు 18 రాత్రి ఇటలీ నౌకాదళపు గజ ఈతగాళ్లు ఆరుగురు, ఇద్దరికొకటి చొప్పున మూడు నీటిబాంబు వాహనాల మీద గుర్రమెక్కినట్టు కూర్చుని అలెగ్జాండ్రియా రేవులోకి చొరబడ్డారు. తెల్లారేసరికి బ్రిటన్ యుద్ధనౌకలు వేలియంట్, క్వీన్ ఎలిజబెత్ అడుగు చిల్లులు పడి బురదలో కూర్చున్నాయి. ఈ దళం కోసం ఫ్లారెన్స్‌లోని పనెరాయ్ సంస్థ అందించిన వాచీలకు, వాటిలోని రేడియం ముద్దకు ఒకటే పేరు: రేడియోమీర్. ఆ డయలు కట్టుబాటు ముచ్చటైనది. రెండు పలకలు. కింది పలక మీద ముద్ద దట్టంగా పూస్తారు, పై పలకలో అంకెలను తొలిచేస్తారు. తొలిచిన సందుల్లోంచి వెలుగు పైకి వస్తుంది. పైన పూసిన రంగైతే గీసుకుపోతుంది, రాలిపోతుంది. ఇక్కడ ఆ భయం లేదు, ముద్ద మందం కూడా ఎంతైనా పెట్టవచ్చు.

యుద్ధం ముగిశాక ఫ్రాన్స్ నౌకాదళంలో మునకదళాన్ని కడుతున్న కెప్టెన్ మలూబియే, లెఫ్టినెంట్ రిఫో తమకు కావలసిన వాచీ ఎలా ఉండాలో కాగితం మీద గీసుకుని కంపెనీల చుట్టూ తిరిగారు. స్విట్జర్లాండ్‌లో బ్లాంపాన్ యజమాని ఫీష్టర్ తనే మునకలు వేసే మనిషి; ఆయనకు వాళ్ల బాధ అర్థమైంది. అలా 1953లో వచ్చిన వాచీ పేరు ఫిఫ్టీ ఫాదమ్స్. మన జాలరుల లెక్కలో యాభై బారలు. నల్లటి డయలు, పెద్ద గుర్తులు, చుట్టూ తిరిగే చట్రం. అదే కాలంలో రోలెక్స్ సబ్‌మెరీనర్, 1957లో ఒమెగా సీమాస్టర్ 300 వచ్చాయి. ఈ తొలి వాచీల గుర్తుల్లో ఉన్నదంతా రేడియమే.

ఇప్పుడు అలాంటి 1950ల వాచీని చీకట్లో పెడితే వెలగదు. చాలామంది రేడియం అయిపోయిందనుకుంటారు. అది శుద్ధ తప్పు. రేడియం 226 అర్ధాయువు 1600 ఏళ్లు, అంటే ఉన్నదానిలో సగం తరగడానికి అంతకాలం పడుతుంది. డెబ్బై ఏళ్లలో అది వందకు మూడు పాళ్లు తరిగి ఉంటుంది, అంతే. నూనె నిండుగానే ఉంది. కాలిపోయింది వత్తి. సెకనుకు 37,000 దెబ్బలంటే ఏడాదికి లక్ష కోట్లకు పైమాట. ప్రతి ఆల్ఫా కణం వెలుగు పుట్టించడంతో పాటు స్ఫటికంలో పరమాణువులను వాటి చోటునుంచి నెట్టేస్తుంది కూడా. అలా చెదిరిన చోట్ల పడిన శక్తి వెలుగుగా మారదు, ఉత్త వేడిగా పోతుంది. దారిలో గుంటలు పడ్డకొద్దీ బండి నెమ్మదించినట్టు ఏటేటా కాంతి తగ్గుతుంది. ఎంత ఎక్కువ రేడియం కలిపితే కొత్తలో అంత బాగా వెలుగుతుంది, అంత తొందరగా వత్తి మాడుతుంది. కొన్నేళ్లకే మసక మొదలై, ఒక తరం తిరిగేసరికి చీకటి మిగులుతుంది.

నూనె మిగిలే ఉందనడానికి డయలే సాక్ష్యం చెబుతుంది. ఎప్పుడో ఆగిపోయి పెట్టెలో పడి ఉన్న రేడియం వాచీని తీసి, ముళ్లను కదిపి చూస్తే, అవి ఆగిన చోట డయలు మీద వాటి ఆకారంలోనే గోధుమరంగు నీడ కనిపిస్తుంది. ముల్లు మీది రేడియం దశాబ్దాలపాటు కింది వార్నిష్‌ను కాల్చుతూ పోయింది. వాచీ ఏడూ ఇరవైకి ఆగితే ఏడూ ఇరవై డయలు మీద అచ్చుపడిపోతుంది. సేకరణ చేసేవాళ్లు దీన్ని రేడియం బర్న్ అంటారు. గైగర్ కౌంటరు దగ్గర పెడితే అద్దం మీదినుంచే టకటకమంటుంది. రేడియం విచ్ఛిన్నమైతే పుట్టేది రేడాన్ అనే వాయువు. అది వాచీలోంచి మెల్లగా గదిలోకి వస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్, కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయాలవాళ్లు 30 పాత రేడియం వాచీలను ఒక చిన్న గదిలో ఉంచి కొలిస్తే రేడాన్ మోతాదు అక్కడ సురక్షితమని పెట్టుకున్న హద్దుకు 134 రెట్లు తేలింది. ఒక్క వాచీ చేతికి పెట్టుకోవడం వేరు, మంచం పక్క సొరుగులో ముప్పై కుక్కడం వేరు. అంతకన్నా ముఖ్యం, అలాంటి వాచీ మూత ఇంట్లో తీయకూడదు. పెళుసెక్కిన రంగు పొడిగా రాలుతుంది. ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే పాత కథే.

1960లలో గాలి మారింది. అణుబాంబు పరీక్షల భయం జనంలో పాకింది; రేడియేషన్ అనే మాట వినగానే వాచీ తీసి అవతల పెట్టే రోజులొచ్చాయి. ఆ దశకం నడిమికి కొన్ని ఫిఫ్టీ ఫాదమ్స్ డయళ్ల మీద రేడియేషన్ గుర్తును వేసి, దాని మీద అడ్డంగా కొట్టివేత గీసి, నో రేడియేషన్స్ అని రాశారు. తమ సరుకులో ఏమి లేదో డయలు మీదే చాటింపు వేసుకున్న వాచీ చరిత్రలో అరుదు. రోలెక్స్ దారి వేరు. 1960ల మొదట్లో కొన్ని డయళ్ల మీద ఆరు అంకె గుర్తు కింద ఒక చిన్న చుక్కో, ఎక్కడో ఒక సన్నటి అడ్డగీతో కనిపిస్తుంది. రేడియం తగ్గిందని, ట్రీషియం వచ్చిందని లోపలివాళ్లకు తెలియడానికి పెట్టిన సంకేతమని సేకర్తలు దాన్ని చదువుకుంటారు. ఆ చుక్క ఉందా లేదా అన్నదాని మీద ఇవాళ లక్షల రూపాయల తేడా వస్తుంది.

ట్రీషియం హైడ్రోజన్‌కే బరువైన అన్న. అది విడిచేది ఎలక్ట్రాన్లను, అవి కూడా నీరసమైనవి. వాచీ అద్దాన్ని గానీ మనిషి చర్మాన్ని గానీ దాటలేవు. గైగర్ కౌంటరు దాని ముందు మౌనంగా ఉంటుంది. దెబ్బ చిన్నది కాబట్టి వత్తి కూడా నిదానంగా అరుగుతుంది. డయలు అడుగున స్విస్ అనే మాటకు రెండుపక్కలా టి అక్షరం ఉంటే అందులో ట్రీషియం ఉందని అర్థం. టి పక్కన 25 కంటే తక్కువ అని ఉంటే ఆ వాచీలో రేడియోధార్మికత 25 మిల్లీక్యూరీలు దాటదని హామీ. బ్రిటన్ సైన్యం తన మునకవాచీల మీద గుండ్రటి గీతలో టి రాయించింది. జర్మనీ సైన్యం వాచీల మీద 3హెచ్ అని ఉంటుంది.

కానీ ఈ నూనె చెంబు చిన్నది. ట్రీషియం అర్ధాయువు 12 ఏళ్ల 4 నెలలే. పాత డబ్బు లెక్కలో చూస్తే తేలిగ్గా పడుతుంది. 1965లో వాచీ ఒక రూపాయి ట్రీషియంతో కర్మాగారం గడప దాటిందనుకుంటే, 1977 నాటికి అర్ధరూపాయి మిగిలింది. 1989 చివరికి పావలా. 2002 ప్రాంతానికి బేడ. 2014కు అణా. 2026 నాటికి అర్ధణా. ఆ అర్ధణాలో కూడా కొంత ఇంకిపోయి ఉంటుంది, హైడ్రోజన్ గనక అది రంగులోంచి మెల్లగా జారుకుంటుంది. కాబట్టి బల్లమీదున్న వాచీ చీకట్లో ఎందుకు వెలగలేదో, టార్చి వేస్తే ఎందుకు కాసేపు మెరిసిందో ఇప్పుడు తేలిపోయింది. నూనె అడుగంటింది. వత్తి నలిగింది గానీ చావలేదు; బయటినుంచి వెలుతురు పోస్తే పది సెకన్లు మేలుకుంటోంది. అదే రేడియం డయలైతే టార్చి వేసినా చాలాసార్లు ఉలుకూ పలుకూ ఉండదు.

ఇంకా పిసినారి నూనె ఒకటి ఉంది, ప్రొమీథియం 147. అర్ధాయువు 2.6 ఏళ్లు. 1960ల నడిమిలో అమెరికా నౌకాదళం కోసం ఫిఫ్టీ ఫాదమ్స్‌నే కొద్దిగా మార్చి టోర్నెక్-రేవిల్ పేరుతో వెయ్యి దాకా చేయించారు. వాటిలో ఈ ప్రొమీథియం పూశారు. వాచీ వెనక మూత మీద లోపల రేడియోధార్మిక పదార్థం ఉందని, దొరికితే దగ్గర్లోని సైనిక స్థావరంలో అప్పగించమని చెక్కించారు. అరవై ఏళ్లలో ఆ ప్రొమీథియం ఎనభై లక్షల్లో ఒక వంతుకు తరిగిపోయింది. మూత మీది హెచ్చరిక మాత్రం నిన్న చెక్కినంత స్పష్టంగా ఉంది.

ఇక రంగు మారడం. జున్ను, మీగడ, తేనె, పనసతొన, గుమ్మడి, చివరికి కాఫీడికాక్షన్ దాకా ఎన్ని ఛాయలో. వెలుగు ఆరడం వేరు, రంగు ముదరడం వేరు. ఇవి రెండూ ఒకే లెక్కలో నడవవు. జింక్ సల్ఫైడ్ పొడిని డయలుకు అంటించడానికి ఏదో ఒక వార్నిష్‌లో కలపాలి. పాత చెక్కబీరువా మీద వార్నిష్ పచ్చబడినట్టే అదీ పచ్చబడుతుంది. పైగా లోపలినుంచి రేడియేషన్, బయటినుంచి ఎండ, చెమ్మ. చెమ్మ అన్నిటికన్నా చెడ్డది. వాచీ లోపలికి ఒక్కసారి ఆవిరి చొరబడితే జింక్ సల్ఫైడ్ నల్లబడుతుంది, గుర్తుల మీద మచ్చలు పడతాయి, ముల్లు మీది రంగు గవ్వలా విడిపోయి లోపల దొర్లుతుంది. సముద్రంలోకి దిగడానికే పుట్టిన వాచీకి తేమే మొదటి శత్రువు కావడం వింతే, కానీ రబ్బరు వాషర్లు ఎండిపోతే అంతే మరి.

ముళ్ల రంగు గుర్తుల రంగుతో ఎందుకు కలవదు? డయలు మీద రంగుకు కింద గట్టి పలక ఆనుడుగా ఉంటుంది. ముల్లు అలా కాదు, అది ఖాళీ చట్రం. రంగు ఆ సందులో సబ్బు పొరలా వేలాడుతూ నిలబడాలి. అందుకని చిక్కగా, జిగురు ఎక్కువ వేసి కలుపుతారు. పైగా ముళ్లు ఒక చోట తయారై, డయళ్లు మరోచోట తయారై కర్మాగారంలో కలుసుకునేవి. కలపడం వేరు, జిగురు వేరు, ముదిరే తీరు వేరు. అక్కాచెల్లెళ్లలాంటి రెండు వాచీలు ఒకే ఏడాది ఒకే బల్ల మీద తయారైనా, ఒకటి కిటికీ పక్క, ఒకటి లాకరులో యాభై ఏళ్లు గడిపితే ఇవాళ ఒకటి పనసతొన, ఇంకోటి పాలమీగడ.

కర్మాగారంలోనే ఇలా పచ్చబడి ఉంటే తనిఖీ చేసేవాడు అవతల పారేసేవాడు. ఇప్పుడు ఆ పసుపుకే పాట పెరుగుతోంది. వేలంశాలల పుస్తకాల్లో దాన్ని పటీనా అని మురిపెంగా రాస్తారు. 1980లలో వాచీని సర్వీసుకిస్తే కంపెనీవాళ్లే పాత డయలు తీసేసి తళతళలాడే కొత్తది వేసి పంపేవారు, యజమాని దండం పెట్టి తీసుకునేవాడు. ఆ మర్యాద చేయించుకున్న వాచీకి ఇవాళ సగం ధర పలికినా గొప్పే. గిరాకీ ఎంత పెరిగిందంటే, ఈమధ్య కొత్త వాచీల్లోనే ముదురు రంగు పూసి అమ్ముతున్నారు. ఆ రంగుకు సరఫరాదారుల జాబితాలో పాత రేడియం అనే అర్థం వచ్చే పేరే ఉంది. కొత్త చీరకు పాతవాసన అద్ది అమ్మడంలాంటిదే ఇది, ఎవరి ముచ్చట వారిది.

గిరాకీ ఉన్నచోట నకిలీ తప్పదు. రాలిపోయిన రంగు గీకేసి, కొత్త పొడిలో రంగు కలిపి, పాతదనిపించేలా పూసేవాళ్లు ఉన్నారు. కంటితో పట్టుకోవడం కష్టం, చీకట్లో దొరికిపోతారు. అతినీలలోహిత కాంతి టార్చి వేసి ఆర్పాలి. అసలు ట్రీషియం డయలైతే పచ్చగా లేచి క్షణాల్లో చల్లారుతుంది. పది నిమిషాలైనా గుర్తులు నిగనిగలాడుతూ ఉంటే అది నిన్నమొన్నటి పూత. గుర్తులు ఒకలా, ముళ్లు ఇంకొకలా ప్రవర్తిస్తే ముళ్లు మార్చారని అర్థం. వృద్ధాప్యం నటించడం తేలికే గానీ, ముసలివాడిలా తొందరగా అలసిపోవడం నటించడం కష్టం.

ఆ నిన్నమొన్నటి పూత జపాన్ నుంచి వచ్చింది. నెమోటో అనే సంస్థ 1941లో మెరిసే రంగుల తయారీతో మొదలైంది. రేడియోధార్మిక పదార్థం లేకుండా రాత్రంతా వెలిగే పొడి కోసం వెతికి, 1993లో లూమినోవాను పట్టుకుంది. అది స్ట్రాన్షియం అల్యూమినేట్. అందులో యూరోపియం, డిస్ప్రోసియం అనే అరుదైన మూలకాలు చిటికెడు కలుపుతారు. పాత జింక్ సల్ఫైడ్‌లో వెలుతురు తాగిన ఎలక్ట్రాన్లు ఎంతోసేపు ఆగలేవు. ఇందులో వాటికి లోతైన గుంటలు దొరుకుతాయి. గుంటలో పడ్డ ఎలక్ట్రాన్ గది వేడికి ఎప్పుడో ఒకప్పుడు ఎగిరి బయటపడుతుంది, అప్పుడు యూరోపియం దగ్గర వెలుగు విడుస్తుంది. ఒకటి ఇప్పుడు, ఒకటి అర్ధరాత్రి, ఒకటి తెల్లవారుజామున. మొదటి పది నిమిషాలు కళ్లు చెదిరేలా వెలిగి, తర్వాత సన్నటి వెలుగు గంటల తరబడి సాగడానికి కారణం ఇదే. ఇక్కడ నూనె చెంబే లేదు. పగలు ఎండలో నింపుకుని రాత్రి ఖర్చుపెట్టుకోవడమే. నీటి తేమ తగలనంతకాలం దీని గుణం పోదు, రంగు కూడా మారదు. 1998 ప్రాంతంలో స్విట్జర్లాండ్ కంపెనీలు ట్రీషియం వదిలి దీనికి మారినప్పుడు కొన్ని రోలెక్స్ డయళ్ల మీద టి అక్షరాలు ఎగిరిపోయి కొద్దికాలం ఉత్త స్విస్ అనే మాటే మిగిలింది. ఆ డయళ్లు ఇప్పటికీ మొదటిరోజు తెలుపే. వాటిని కొన్నవాళ్లలో కొందరికి అదే దిగులు, పాతికేళ్లయినా పచ్చబడటం లేదని.

ట్రీషియం మాత్రం పూర్తిగా పోలేదు. రంగులో కలపకుండా, లోపలివైపు మెరిసే పొడి పూసిన వెంట్రుకంత గాజు గొట్టాల్లో వాయువుగా నింపి, లేజరుతో మూతి మూసి గుర్తుల స్థానంలో అంటించే వాచీలు ఇప్పటికీ వస్తున్నాయి. అర్ధాయువు మారదు కాబట్టి వాటిదీ అదే అణాల లెక్క. ఆ ట్రీషియం పుట్టేది భారజలంతో నడిచే అణు రియాక్టర్లలో: భారజలంలోని డ్యుటీరియం ఒక న్యూట్రాన్‌ను మింగితే ట్రీషియం అవుతుంది. గోదావరి ఒడ్డున మణుగూరులో తయారయ్యే భారజలం కూడా మన రియాక్టర్లలోకి వెళ్లాక ఇదే పని చేస్తుంది, వాచీల కోసం కాకపోయినా.

ఇంతకీ కాలిపోయిన వత్తి నిజంగా పూర్తిగా కాలిపోయిందా? 1950ల రేడియం వాచీ ఒకటి, మూత తీయకుండా, అద్దం వెనకనే ఉంచి, పూర్తిగా చీకటి చేసిన గదిలో బల్లమీద పెట్టుకోవాలి. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాలి, ఫోను బయట వదిలేయాలి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, అంతసేపూ కదలకుండా కూర్చోవాలి. ఆ తర్వాత భూతద్దం పెట్టి పన్నెండు దగ్గరి గుర్తు మీదికి వంగితే మొదట ఏమీ ఉండదు. కాసేపటికి, అన్ని వాచీల్లోనూ కాదు గానీ కొన్నిట్లో, బూడిదరంగు మసక ఒకటి తేలుతుంది. ఇంకాస్త ఆగి చూస్తే ఆ మసక నిలకడగా ఉండదు. క్రూక్స్ చూసినట్టే ఎక్కడో ఒక చుక్క మెరిసి ఆరుతుంది. దాని పక్కన ఇంకోటి. మళ్లీ ఇంకెక్కడో.